వెనకగది గడియ

ఈ డిసెంబరులో, పండగ ఇంకా నాలుగు రోజులుందనగా, సామాన్లు సగం విప్పి సగం విప్పకుండా వదిలేసి, కాగితం నక్షత్రం ఎక్కడ వేలాడదీయాలా అని కిటికీ పైన చేత్తో తడుముతుంటే రంగు పొరల కింద ఏదో గట్టిగా వేలికి తగిలింది. గోటితో గీకి చూస్తే మేకు. తుప్పు పట్టి, తల కొంచెం ఎడమకు వంగిపోయిన మేకు. దాన్ని కొట్టింది నేనే. ముప్పై ఏడేళ్ల కిందట, సుత్తి కావాలని అడగడానికి భయపడి, తోటలోంచి తెచ్చిన రాయికి పాత గుడ్డ చుట్టి చప్పుడు కాకుండా కొట్టాను కాబట్టే అది అలా వంగింది. ఇన్నేళ్లలో ఈ గదికి ఎన్నిసార్లు రంగులు వేశారో, ఎంతమంది పనివాళ్లు ఇందులో ఉండి వెళ్లారో గాని ఎవరూ దాన్ని పీకలేదు. పాత చుట్టం కనబడ్డట్టు నాకు సంతోషం కలగాలి కదా? కలగలేదు. అక్కడే మంచం మీద కూలబడ్డాను.

నా వయసు వాళ్లకు చెబితే అర్థమవుతుంది, పెద్ద ఇంట్లోంచి చిన్న ఇంట్లోకి మారడమంటే సామాను తగ్గించుకోవడం ఒక్కటే కాదు. మస్కట్ దగ్గర అల్ ఖౌద్‌లో యూనివర్సిటీ రోడ్డు వెనక, రెండు గదులూ ఒక హాలూ ఉన్న వాటాలో మా ఆయనా నేనూ ముప్పై ఏళ్ల దాకా కాపురం చేశాం. ఆయన కార్పెంటరు, నేను ఆడవాళ్ల బట్టలు కుట్టే దుకాణంలో టైలరును. ఆయన చివరి కాంట్రాక్టు దుక్మ్‌లో చేసి, మోకాళ్లు అరిగి తిరిగొచ్చి, ఒక ఏడాది ఆ హాల్లో కూర్చుని కిటికీలోంచి బండ్లు లెక్కపెట్టి, కన్నుమూశారు. పోయి రెండేళ్లయింది. మాకు పిల్లలు లేరు. రాజోలు దగ్గర మా ఊళ్లో తమ్ముడి పిల్లలున్నారు, మంచివాళ్లే, కాని నేను వెళితే నన్ను చుట్టాలావిడలా కుర్చీ వేసి కూర్చోబెడతారు, అది నాకు ఒక పూట బాగుంటుంది, రెండో పూటకి ఊపిరాడదు. మొన్న ఎండాకాలంలో దుకాణం మూసేస్తున్నామని యజమానురాలు చెప్పింది. దుకాణం లేకపోతే నా రెసిడెన్సీ కార్డు లేదు, కార్డు లేకపోతే ఈ దేశంలో నేను లేను.

అప్పుడు వచ్చిందండీ నేను పెంచిన పిల్ల. పెంచాను అంటే, నేను ఈ దేశంలో మొదట పనిచేసిన ఇంట్లో చిన్నకూతురు, దానికి నాలుగో ఏడు నుంచి పదో ఏడు దాకా నీళ్లు పోసి, జడ వేసి, నా ఒళ్లో పడుకోబెట్టుకున్నాను. ఇప్పుడు నలభై దాటింది, ఆఫీసరు. అల్ ఖౌద్‌లోనే ఉంటుంది, వారానికొకసారి వచ్చి నన్ను చూసిపోయేది. చిన్నప్పుడు నా దగ్గర నేర్చుకున్న నాలుగు తెలుగు ముక్కలు ఇంకా మరచిపోలేదు. "అక్కా, దా. ఇంటికి పోదాం, యల్లా" అంది. ఇల్లంటే ఖబూరాలో వాళ్ల అమ్మ ఒంటరిగా ఉంటున్న ఇల్లు. ఆవిడకి కాళ్లు పడిపోయాయి, పగలు చూడ్డానికి పనిమనిషి ఉంది గాని, తోడుగా తెలిసిన మనిషి కావాలి. నా కార్డు తన పేరున పెట్టించుకుంటానంది, పెరట్లో వెనకగది బాగుచేయించి ఇస్తానంది. నోటితో సరేనన్నాను. ఆ పూట అన్నం ముద్ద దిగలేదు.

ఎందుకంటే, ఆ వెనకగదే ఇది. ఇందులో నేను చేసిన ఒక పని ఉంది. దాన్ని మా ఆయనకి కూడా చెప్పలేదు.

నాకప్పుడు ఇరవై మూడు. పెళ్లయిన రెండో ఏడు. ఆయన మస్కట్ దగ్గర సైట్‌లో పని చేస్తుంటే, ఇద్దరం ఒకే దేశంలో ఉంటే నెలకొక శుక్రవారమైనా మొహాలు చూసుకోవచ్చని నేనూ ఇంటిపని వీసా మీద వచ్చాను. బయల్దేరే ముందు ఏజెంటు మమ్మల్ని నలుగురు ఆడవాళ్లనీ కూర్చోబెట్టి చెప్పిన జాగ్రత్తలన్నీ భయాలే. ఇంట్లో ఏది పోయినా, ఎవరికి ఏమైనా, మొదట పనిమనిషి మీదికే వస్తుందని, పోలీసులొస్తే భాష రాక నోరు విప్పలేరని, అందుకని ఎప్పుడూ గోడవారగా నడవండని చెప్పాడు. ఆ మాట నేను ఎంత నిజమని నమ్మానంటే, మొదటి వారం వరండాలో కూడా గోడ పట్టుకునే నడిచాను.

నాకు వచ్చిన అరబ్బీ అయిదు మాటలు. తాల్ అంటే రా, రూహ్ అంటే వెళ్లు, జీబ్ అంటే తే, మాయ్ అంటే నీళ్లు, లా అంటే వద్దు. ఇంటావిడని "మామా" అని పిలవాలన్నారు. ఆడమనిషిని పట్టుకుని మామా అనడానికి మా గోదావరి వాళ్లకి నోరెలా వస్తుంది? మొదటిసారి అన్నప్పుడు నాకు మా మామగారి మీసాలు గుర్తొచ్చి నవ్వు ఆపుకోలేక చచ్చాను. భయం మధ్యలో వచ్చే నవ్వు మరీ ప్రాణం తీస్తుంది. ఆవిడ మాత్రం కసరలేదు, కొట్టలేదు. నడివయసు మనిషి, పొడగరి, మాట తక్కువ. చాలా ఏళ్ల ఎడంతో కలిగిన చిన్నకూతురంటే ప్రాణం. ఆవిడ మొహం చూసి ఏమనుకుంటోందో తెలుసుకోవడం ఆనాడూ నా వల్ల కాలేదు, ఈనాడూ కాదు.

డిసెంబరు వచ్చింది. మా ఊళ్లో ఈపాటికి వెదురు బద్దలతో నక్షత్రాలు కట్టి, రంగు కాగితాలు అంటించి, ఇంటికొక గెడ మీద ఎత్తేవారు. గోడలకి సున్నం వేసి, తెల్లవారుజామున కేరల్స్ వాళ్లొస్తే టీలు ఇచ్చేవాళ్లం. నక్షత్రం లేని ఇల్లంటే ఆ ఇంట్లో ఆ ఏడు ఎవరో పోయారన్న లెక్క మాకు. అందుకే నక్షత్రం కట్టకుండా ఉండటానికి నాకు చేతకాలేదు. ఇక్కడ కట్టవచ్చో లేదో అడగడానికి భాష లేదు, ధైర్యం అంతకన్నా లేదు. ఖర్జూరపాకుల ఈనెలు చీల్చి, టీపొడి డబ్బాలోని ఎర్ర కాగితం, మిఠాయిపెట్టె మీది పసుపు కాగితం దాచిపెట్టి, ఆరు కోణాలు కాస్తా అయిదుంబావయ్యేలా ఒక వంకర నక్షత్రం కట్టాను. కొవ్వొత్తికి బదులు చిన్న టార్చిలైటు లోపల పెట్టాను. మేకు కొట్టింది అప్పుడే. బయటికి కనబడకుండా పెరటిగోడ వైపు కిటికీకి వేలాడదీశాను. తర్వాత నాకు తెలిసింది, మస్కట్‌లో మనవాళ్ల చర్చీలే ఉన్నాయని, ఎవరూ ఏమీ అనరని. తెలియని వాళ్లకి ప్రతిదీ నేరంలాగే ఉంటుంది.

దాన్ని చూసింది ఒక్కరే, ఆ పిల్ల. "నజ్మా, నజ్మా" అని చప్పట్లు కొట్టింది. చుక్క అని దానర్థం. నేను నోటిమీద వేలు పెట్టుకుని చూపిస్తే అదీ నోటిమీద వేలు పెట్టుకుంది.

పండగ రేపనగా జరిగింది. మధ్యాహ్నం ఎండ దిగాక మామా పిల్లను నాకప్పగించి నమాజుకి లోపలికి వెళ్లింది. మగవాళ్లంతా సముద్రం దగ్గర పడవల పనిలో ఉన్నారు. వరండాలో పిల్ల ఆడుకుంటుంటే, నేను తీగ మీద బట్టలు తీసి మడతపెడుతున్నాను. పది బట్టలుంటాయేమో. తలెత్తి చూస్తే పిల్ల లేదు.

మొదట పిలవలేదండీ. పిలిస్తే తప్పిపోయిందని ఒప్పుకున్నట్టవుతుందని. మేకల దొడ్డిలో చూశాను, నిమ్మచెట్ల కింద చూశాను. తోటకి నీళ్లు పెట్టే సిమెంటు తొట్టి ఉండేది, మనిషి లోతు. దాని గట్టు పట్టుకుని కళ్లు మూసుకుని నిలబడి, తండ్రీ తండ్రీ అనుకుంటూ కళ్లు తెరిచాను. నీళ్లలో ఒక మట్ట తేలుతోంది, అంతే. ఇనపగేటు వంక చూస్తే అది జానెడు తెరిచి ఉంది. గేటు దాటితే ఇసక బాట, బాట దాటితే సముద్రం. అప్పుడు అరిచాను.

మామా చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది. నా మొహం చూసి సముద్రం వైపు పరుగెత్తింది. నేను తోటంతా వెతకడంలో పడ్డాను. సందు చివర కిరాణా కొట్టు పెట్టుకున్న కడప భాయ్ కొట్టు వదిలేసి వచ్చాడు. చుట్టుపక్కల ఇళ్ల ఆడవాళ్లు వచ్చారు. పొద్దు వాలుతోంది. ఎవరు ఎటు అరుస్తున్నారో తెలియదు. నా చెవుల్లో ఏజెంటు మాటలు తప్ప ఇంకేం లేవు.

కొంతసేపటికి మామా గేటులోంచి తిరిగొచ్చింది. నన్ను చూసి రెండు చేతులూ ఇలా వెల్లకిలా చాచి, "మాఫీ... మాఫీ" అంది.

మాఫీ! ఆ మాట నాకు తెలుసు కదా! మా ఊళ్లో గాలివాన వచ్చిన ఏడు శిస్తు మాఫీ చేశారు, బడిలో ఫీజు మాఫీ చేశారు. మాఫీ అంటే క్షమించేశారని, ఇంక భయం లేదని. పిల్ల సముద్రం దగ్గర తండ్రికి దొరికిందని, నన్ను క్షమించేశానని చెబుతోందనుకున్నాను. ఆ తల్లి ఎంత గొప్పదో అనుకున్నాను. ఆవిడ చాచిన రెండు చేతులూ పట్టుకుని ముద్దుపెట్టుకుని, నవ్వుతూ ఏడ్చేశాను. ఆవిడ నన్ను చూసిన చూపు నాకిప్పటికీ కళ్ల ముందుంది. పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, చేతులు లాక్కుని మళ్లీ బయటికి పరుగెత్తింది. బిడ్డను తెచ్చుకోవడానికి వెళ్తోంది కాబోలనుకున్నాను నేను!

దేవుడికి స్తోత్రం చెప్పుకోవాలని గదికి వచ్చాను. మంచం పక్కన మోకరించాను. మోకరించి తల వంచితే, మంచం కింద వెలుగు. ఎర్రగా, పసుపుపచ్చగా. ఆ వెలుగులో రెండు చిన్న పాదాలు, వెండి కడియాలు. స్టూలెక్కి కిటికీ మీది నక్షత్రాన్ని లాక్కుని, మంచం కింద దూరి, దాన్ని వాటేసుకుని నిద్రపోయింది నా తల్లి.

అప్పుడు వినబడింది నాకు బయట మామా గొంతు. పిల్ల పేరు పెట్టి ఇంకా పిలుస్తోంది. గొంతు జీరపోయింది. దొరికిన పిల్లని ఎవరైనా అలా పిలుస్తారా? ఆ మాటకి అర్థం నేననుకున్నది కాదని ఆ క్షణంలో తెలిసింది. రెండు రోజుల తర్వాత కొట్టుకి వెళితే కడప భాయ్ నవ్వలేక ఏడవలేక చెప్పాడు. "ఏందిమ్మా నువ్వు! ఈళ్ల కాడ మాఫీ అంటే లేదని. పాప కనపడలేదు, ల్యా అని ఆయమ్మ చెప్తా ఉంటే నువ్వు నగుతా ఉంటివంట!"

ఇక్కడిదాకా నా అమాయకత్వమే. మీరు నవ్వుకున్నా నాకేం బాధ లేదు. ఆ తర్వాత చేసింది అమాయకత్వం కాదు.

పిల్ల నా గదిలో ఉంది. నా మంచం కింద, ఎవరికీ చెప్పకుండా దాచుకున్న నా నక్షత్రంతో ఉంది. పైగా నేను ఇందాక ఆ తల్లి మొహాన నవ్వాను. ఇప్పుడు తీసుకెళ్లి ఇస్తే ఏమంటారు? ఇదే దాచింది అంటారు. కాదని చెప్పడానికి నా దగ్గరున్నవి రా, వెళ్లు, తే, నీళ్లు, వద్దు. లేచి తలుపు మూసి గడియ పెట్టాను.

ఎంతసేపు? నాకు తెలియదు. పరలోక ప్రార్థన మొదలుపెట్టి, 'మా అపరాధములను క్షమించుము' దగ్గరికి వచ్చేసరికి మాట తప్పి, మళ్లీ మొదటికి వచ్చాను. నాలుగుసార్లో, ఐదుసార్లో. మామా ఏడుస్తూ కిటికీ పక్క నుంచి వెళ్లింది. నేను ఒక్క మాట అంటే చాలు. అనలేదు. అడుగులు తలుపు దగ్గర ఆగాయి. తలుపు ఒక్కసారి కదిలింది, గడియ కిర్రుమంది. అడుగులు వెళ్లిపోయాయి. అందరూ గేటు దాటాక పిల్లను మెల్లిగా తీసుకెళ్లి ఏ చెట్టు కిందో పడుకోబెట్టేస్తే వాళ్లే చూసుకుంటారు, నాకేమీ తెలియదంటాను అనుకున్నాను. అనుకోవడమే కాదు, ఎత్తుకున్నాను కూడా. ఎత్తుకోగానే అది కళ్లు విప్పి, నా మొహం చూసి నోటిమీద వేలు పెట్టుకుని నవ్వింది. మన రహస్యం ఎవరికీ చెప్పలేదులే అన్నట్టు.

ఆ నవ్వు చూశాక ఇంక చేతకాలేదు. గడియ తీసి, పిల్లను ఎత్తుకుని, నక్షత్రంతో సహా బయటికి వచ్చి పెరటి మధ్యలో నిలబడ్డాను. మామా వచ్చి పిల్లను లాక్కుంది. వాసన చూసింది, కడియాలు తడిమి చూసింది, అక్కడే ఇసకలో కూర్చుండిపోయింది. ఎక్కడ దొరికింది అని నన్ను అడగలేదు. ఆ రోజు అడగలేదు, ఆరేళ్లు ఆ ఇంట్లో ఉన్నా అడగలేదు. మర్నాడు పొద్దున్న ఒక పళ్లెంలో హల్వా పెట్టి తెచ్చింది. నక్షత్రం మళ్లీ కట్టుకోమని కిటికీ వైపు చూపించింది. ఆ హల్వా తినడానికి ఎంత భయపడ్డానో నాకే తెలుసు.

ఆనాటి నుంచీ గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే బతుకే నాది. ఆవిడ నా వంక ఊరికే చూసినా, తెలిసిపోయింది అనుకునేదాన్ని. గడియ పెట్టడం మానేశాను. అల్ ఖౌద్‌లో ముప్పై ఏళ్లూ తలుపు దగ్గరగా వేసేదాన్ని తప్ప గడియ పెట్టలేదు. "ఏవే, తలుపు బార్లా తెరిచి పడుకుంటావేంటే? ఇదేవన్నా మీ పుట్టిల్లనుకున్నావా?" అని ఆయన రోజూ తిట్టి, రోజూ లేచి ఆయనే పెట్టేవారు. ఆయన పోయాక పెట్టేవాళ్లు లేరు.

ఇప్పుడు మళ్లీ అదే గది. కొత్త ఫ్యానుంది, ఏసీ ఉంది, గచ్చు మీద తెల్ల పలకలు వేయించింది పిల్ల. నా కుట్టుమిషను ఒక మూల, చెక్క మట్టం చూసుకునే ఆయన రసమట్టం గూట్లో. ఇంకేం పట్టలేదు. గడియ మాత్రం పాతదే. వచ్చి పది రోజులైనా ఆ తలుపు వైపు తిరిగి పడుకోలేకపోయాను. మామాకి ఇప్పుడు డెబ్భై ఏడో ఎనిమిదో. మాట ఇంకా తగ్గింది, చూపు మాత్రం అదే. చెప్పేస్తే? చెబితే ఆవిడ కూతురికి చెబుతుంది. తన చిన్నప్పుడు నేను తనని తల్లికి ఇవ్వకుండా గడియ పెట్టుకుని కూర్చున్నానని తెలిస్తే ఆ పిల్ల నన్ను మళ్లీ అక్కా అంటుందా? ఈ గది పోతే నాకు ఇంకో గది లేదు. చెప్పకపోతే, రోజూ పొద్దున్నే ఆవిడకి తల దువ్వుతూ ఆ చూపు కింద బతకాలి. ఈ వయసులో నాకు అంత ఓపిక లేదు.

పండగ రేపనగా, సాయంత్రం, పిల్ల ఆఫీసు నుంచి ఇంకా బయల్దేరలేదు. నక్షత్రం పాత మేకుకి తగిలించి లైటు వేస్తే, ఆవిడ హాల్లోంచి చూసి చేత్తో సైగ చేసింది. చక్రాల కుర్చీ తోసుకుంటూ గది గుమ్మం దాకా తీసుకొచ్చాను. నక్షత్రాన్ని చూసింది. "నజ్మా" అంది. కుర్చీ ముందు కూర్చుని, ఆవిడ మోకాళ్లు పట్టుకుని, ముప్పై ఏడేళ్లలో నేర్చుకున్న అరబ్బీ అంతా వాడి చెప్పాను. పిల్ల ఈ మంచం కిందే ఉందని, నాకు తెలిశాక కూడా గడియ పెట్టానని, నువ్వు తలుపు తోశావని, నేను లోపలే ఉన్నానని.

ఆవిడ గడియ వంక చూసింది. నా వంక చూసింది. తర్వాత ఒళ్లోంచి రెండు చేతులూ తీసి, ఆనాటిలాగే వెల్లకిలా చాచింది.

"మాఫీ. మాఫీ షై."

ఏమీ లేదు అని దానర్థం. ఏమీ జరగలేదంటోందో, తనకేమీ గుర్తు లేదంటోందో, అప్పుడే తెలుసు ఇంక వదిలెయ్యి అంటోందో నేను అడగలేదు. అడిగితే చెప్పేదేమో.

ఇప్పుడు నక్షత్రాలు దుకాణాల్లో ప్లాస్టిక్‌వి దొరుకుతున్నాయి, స్విచ్చి వేస్తే రంగులు మారతాయి. కొత్తగా వచ్చే ఆడపిల్లలకి మాట తెలియకపోతే చేతిలో ఫోను ఉంది, అది చెబుతుంది. నేను చేసిన పొరపాటు ఇంక ఎవరూ చేయరు. మంచిదే, ఎవరికీ ఆ భయం వద్దు. కాని ఒక మాటని తప్పుగా విని మోకరించబట్టే కదా నాకు ఆ పిల్ల కనబడింది అని కూడా అనిపిస్తుంది. ఇప్పుడు అరబ్బీ నాకు బాగా వచ్చు, ఆ మాటకి అర్థమేమిటో ఎవరూ నాకు చెప్పనక్కర్లేదు. అయినా ఆ సాయంత్రం నేను దాన్ని తెలుగులోనే విన్నాను. ఆవిడ చేతులు పట్టుకుని ముద్దుపెట్టుకున్నాను, ఈసారి ఆవిడ లాక్కోలేదు.

ఆ రాత్రి తలుపుకి గడియ పెట్టుకుని పడుకున్నాను.